అంచనా తప్పితే బిల్లు ఎవరిది?

ఈసారి మన మ్యాగజైనుకు ఏదైనా ఒక నైతిక ప్రశ్న మీద వ్యాసం రాయమని తెలుగు టీచరు చెప్పారు. మా క్లాసులో చాలామంది సత్యం, దానం, తల్లిదండ్రుల సేవ లాంటివి తీసుకున్నారు. నేను డేటా సెంటర్లకు ఎంత కరెంటు కావాలో ముందుగా లెక్క కట్టడం అనే విషయం తీసుకున్నాను. "అది సైన్సు కదా, దాంట్లో నీతి ఎక్కడుంది?" అని పక్క బెంచీ వాళ్లు నవ్వారు. ఉంది. రేపటి గురించి ఒకరు ఒక మాట చెబుతారు. ఆ మాట నమ్మి ఇంకొకరు వేల కోట్లు ఖర్చు పెడతారు. మాట తప్పిపోతే ఆ డబ్బు మూడో మనిషి కడతాడు. ఆ మూడో మనిషిని ముందు ఎవరూ ఏమీ అడిగి ఉండరు. ఇది న్యాయమా కాదా అన్నదే నా ప్రశ్న.

ముందు విషయం కొంచెం చెప్పాలి. కరెంటు బియ్యం లాంటిది కాదు. పండినప్పుడు గోదాంలో పోసి, కావలసినప్పుడు తీసుకునేది కాదు. ఇప్పుడు పెద్ద పెద్ద బ్యాటరీలు వస్తున్నాయి గాని, ఒక రాష్ట్రానికి రోజుల తరబడి సరిపడా దాచిపెట్టే స్థితి ఇంకా రాలేదు. ఏ నిమిషానికి ఎంత వాడతామో ఆ నిమిషానికి అంత తయారు కావాలి. తయారు చేసే కేంద్రం కట్టడానికి ఐదారేళ్లు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పెద్ద లైన్లు, టవర్లు వేయడానికీ ఏళ్లే. కట్టాక అది ఇరవై ఐదు, ముప్పై ఏళ్లు ఉంటుంది. కాబట్టి 2032లో ఎంత కావాలో ఇప్పుడే ఎవరో ఒకరు కూర్చొని అంకె వేయాలి. ఆ అంకె కాగితం మీద ఉన్నంతసేపు అంకె. తర్వాత అది సిమెంటు, ఇనుము, అప్పు, వడ్డీ అవుతుంది.

ఈ అంకెలు వేసేవాళ్లు మూర్ఖులు కారు. మన దేశంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఎన్నో ఏళ్లుగా సర్వేలు చేస్తోంది. 2022లో వచ్చిన ఇరవయ్యో సర్వే, 2031-32 నాటికి దేశంలో ఒకేసారి అత్యధికంగా వాడే కరెంటు సుమారు 366 గిగావాట్లు ఉంటుందని చెప్పింది. 2024 మే చివర్లో, ఎండలు మండుతున్నప్పుడు, మనం 250 గిగావాట్లు తాకాము. జనాభా ఎంత పెరుగుతుంది, ఎన్ని ఇళ్లలో కూలర్ పోయి ఏసీ వస్తుంది, ఎన్ని పంపుసెట్లు నడుస్తాయి, ఇలా లెక్క వేస్తారు. కోట్ల ఇళ్లు కదా, ఒక ఇల్లు ఎక్కువ వాడితే ఇంకో ఇల్లు తక్కువ వాడుతుంది, మొత్తం మీద లెక్క పెద్దగా తప్పదు. అయితే ఒక తమాషా చూడండి. అదే 2022 సంవత్సరం చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. సర్వే చేసేవాళ్లకు అది ముందే ఎలా తెలుస్తుంది? నేను వాళ్లను తప్పు పట్టను. మనిషికి రేపు తెలియదు. తెలియనిదానికి శిక్ష వేయకూడదు.

డేటా సెంటర్ వచ్చాక ఏం మారిందంటే, ఒక్క కస్టమర్ ఒక ఊరంత అయిపోయాడు. మనం వాట్సాప్‌లో పంపే ఫొటో, యూట్యూబ్ వీడియో, బ్యాంకు లెక్క, ఏఐని అడిగిన ప్రశ్న, ఇవన్నీ గాలిలో ఉండవు. ఎక్కడో ఒక పెద్ద షెడ్డులో వరసగా నిలబెట్టిన కంప్యూటర్లలో ఉంటాయి. వాటికి కరెంటు కావాలి. అవి వేడెక్కుతాయి కాబట్టి చల్లబరచడానికి మళ్లీ కరెంటు కావాలి.

ఎంత అన్నది మాకు అర్థమయ్యేలా చెబుతాను. మాది షోలాపూర్. మా బాపు పవర్‌లూమ్ కార్ఖానాలో టవళ్లు నేస్తారు. ఒక్కో మాగానికి సుమారు ఒక హార్స్‌పవర్ మోటారు ఉంటుంది, అంటే దాదాపు ముప్పావు కిలోవాట్. ఈ లెక్కన 100 మెగావాట్ల డేటా సెంటర్ ఒక్కటి నడవడమంటే లక్షా ముప్పై వేల మాగాలు ఒకేసారి, రాత్రీ పగలూ నడిచినట్టు. మా జిల్లాలో ఎన్టీపీసీ వాళ్ల పెద్ద కేంద్రం ఉంది, రెండు యూనిట్లు కలిపి 1320 మెగావాట్లు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో పెడతామని ప్రకటించిన డేటా సెంటర్ గిగావాట్ స్థాయిది, అంటే సుమారు 1000 మెగావాట్లు. మా షోలాపూర్ కేంద్రంలో నాలుగింట మూడు వంతులు ఒక్క ఆసామికే అన్నమాట. అందుకోసం ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామన్నారు. మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువ డేటా సెంటర్లు ఉన్నది మా రాష్ట్రంలోనే, ముంబయి, నవీ ముంబయి వైపు. కాబట్టి ఇది అమెరికా సంగతి అని వదిలేయడానికి లేదు.

ఇంత పెద్ద కస్టమర్ వస్తాడా రాడా అన్నదాని మీదే మొత్తం లెక్క ఆధారపడుతుంది. వస్తానని చెప్పి రాకపోతే కట్టిన కేంద్రం ఖాళీగా ఉంటుంది. రాడనుకుంటే వచ్చేస్తాడు, అప్పుడు కరెంటు చాలదు. పైగా 300 మెగావాట్ల కనెక్షన్ అడిగినవాడు మొదటి ఏడాదే అంతా వాడడు. మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతాడు, కొందరు అడిగినంత ఎప్పటికీ వాడరు.

ఇక్కడ ఒక పెళ్లి సంగతి చెబితే నా ప్రశ్న బాగా తెలుస్తుంది. పోయిన ఏడాది మా పెద్దబాపు కూతురి పెళ్లి. ఆ రోజు మంచి ముహూర్తం, మా కులంలోనే ఊళ్లో ఐదారు పెళ్లిళ్లు ఉన్నాయి. పత్రిక పట్టుకొని ఏ ఇంటికి పోయినా "తప్పక వస్తం, ఇంటిల్లిపాది వస్తం" అన్నారు. ఆ మాటలన్నీ కూడి పెద్దబాపు కేటరింగ్ ఆయనకు ఎనిమిది వందల ప్లేట్లు చెప్పారు. పంక్తులు లేచేసరికి ఐదు వందలు కూడా దాటలేదు. మిగిలిన వాళ్లు వేరే పెళ్లిళ్లకు పోయారు. కొందరు రెండు చోట్లా అక్షింతలు వేసి, భోజనం మాత్రం ఒకచోట చేశారు. కేటరింగ్ ఆయన ఎనిమిది వందలకే డబ్బు తీసుకున్నాడు. అది న్యాయమే, ఆయన సరుకు కొన్నాడు, వండాడు.

మరి ఎవరు అబద్ధమాడినట్టు? నేను చాలా ఆలోచించాను. ఎవరూ ఆడలేదు. వస్తామన్న ప్రతి ఒక్కరూ ఆ నిమిషానికి నిజంగానే వద్దామనుకున్నారు. కానీ ప్రతివాళ్లూ అదే మాట ఐదు ఇళ్లలో చెప్పారు. ఒక్కో మాట విడిగా చూస్తే నిజం. కూడికలో మాత్రం అబద్ధం అయింది. సత్యం గురించి మనం చదువుకున్న కథల్లో ఇలాంటిది లేదు. హరిశ్చంద్రుడి కథలో మాట ఇచ్చినవాడు ఒకడు, తీసుకున్నవాడు ఒకడు, కాబట్టి లెక్క సులభం. ఇక్కడ అందరూ సత్యవంతులే, అయినా మూడు వందల మంది అన్నం మిగిలిపోయింది.

డేటా సెంటర్ల కంపెనీలు చేసేది అచ్చం ఇదే. వాళ్లు కట్టేది ఒక్కటే. కానీ ఎక్కడ భూమి చవక, ఎక్కడ కరెంటు త్వరగా ఇస్తారు, ఎక్కడ పన్ను తగ్గిస్తారు అని చూడడానికి నాలుగైదు చోట్ల అప్లికేషన్ పెడతారు. ప్రతి చోటా కరెంటు కంపెనీ ఆ అంకెను తన లెక్కలో వేసుకుంటుంది. ఒక్కటే డేటా సెంటర్ ఐదు పుస్తకాల్లోకి ఎక్కుతుంది. ఐదు పుస్తకాలూ కలిపి పైన ఎవరో కూడితే, దేశం కరెంటు ఆకలితో చచ్చిపోతుందా అన్నట్టు కనబడుతుంది.

ఈ లెక్క తప్పడం కొత్త కాదు. 1999లో అమెరికాలో ఫోర్బ్స్ పత్రికలో పీటర్ హ్యూబర్, మార్క్ మిల్స్ అనే ఇద్దరు ఒక వ్యాసం రాశారు. కంప్యూటర్లు వస్తున్నాయి, ఇంకా బొగ్గు తవ్వండి అన్నది దాని సారాంశం. పదేళ్లలో దేశపు కరెంటులో సగం ఇంటర్నెట్ కోసమే పోవచ్చని అన్నారు. బర్క్లీ ల్యాబ్‌లో పనిచేసే జొనథన్ కూమీ, ఆయన తోటివాళ్లు కూర్చొని లెక్క వేస్తే, ఆఫీసు కంప్యూటర్లు, నెట్‌వర్క్ పరికరాలు అన్నీ కలిపి వాడేది 3 శాతం దగ్గర అని తేలింది. తర్వాత 2010 నుంచి 2018 వరకు ప్రపంచంలోని డేటా సెంటర్లు చేసే పని ఆరు రెట్లకు పైగా పెరిగినా, అవి తిన్న కరెంటు 6 శాతం మాత్రమే పెరిగిందని 2020లో సైన్స్ పత్రికలో వచ్చింది. యంత్రాలు అంత పొదుపుగా మారాయి. మా ఇంట్లో బల్బు పోయి ఎల్‌ఈడీ వచ్చినట్టే.

అలాగని ఈసారి కూడా ఉత్తుత్తి భయమే అనలేము. అదే బర్క్లీ ల్యాబ్ 2024 డిసెంబరులో ఇచ్చిన రిపోర్టు ప్రకారం 2023లో అమెరికా కరెంటులో 4.4 శాతం డేటా సెంటర్లకే పోయింది. 2028కి అది 6.7 శాతం కావచ్చు, 12 శాతం కూడా కావచ్చు అన్నారు. కింది అంకెకూ పై అంకెకూ దాదాపు రెండింతల తేడా! నాకు మాత్రం ఈ రిపోర్టు నచ్చింది. తెలిసినంత చెప్పి, తెలియనిదాన్ని దాచకుండా రెండు అంకెలు ఇచ్చారు. ఇబ్బంది ఏమిటంటే కేంద్రం కట్టేటప్పుడు రెండు అంకెలు కట్టలేము, ఒక్కటే కట్టాలి. ఏది కడదాం అన్నప్పుడు, ఎవరికి ఏది లాభమో ఆ అంకె గెలుస్తుంది.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కరెంటు కంపెనీ పెట్టిన పెట్టుబడి మీద ఇంత శాతం లాభం అని నియంత్రణ సంస్థ ఒప్పుకుంటుంది. ఎక్కువ కడితే ఎక్కువ లాభం. ఎంత కట్టాలో అంచనా వేసేది కూడా చాలావరకు అదే కంపెనీ. గ్రహశాంతి చేయించే పంతులుగారే జాతకంలో దోషం ఉందో లేదో చూసినట్టు. ఆయన అబద్ధం చెబుతారని నేను అనను. దోషం ఉన్నట్టు కనబడితే రెండోసారి లెక్క చూసుకునే తొందర ఆయనకు ఉండదు, అంతే. తెలియక చెప్పడం వేరు, తెలుసుకోగలిగి కూడా తెలుసుకోకుండా చెప్పడం వేరు. మొదటిదానికి క్షమాపణ ఉంది. రెండోదానికి నా లెక్కలో లేదు.

ఇప్పుడు మా రాష్ట్రంలో జరిగినది చెప్పాలి. అప్పుడు డేటా సెంటర్లు లేవు, కానీ ప్రశ్న ఇదే. రత్నగిరి జిల్లాలో సముద్రం ఒడ్డున దాభోల్ కరెంటు కేంద్రం ఉంది. 1990ల మొదట్లో రాష్ట్రంలో కరెంటు వాడకం బాగా పెరుగుతుంది, పరిశ్రమలు వస్తాయి అన్న అంచనా మీద అమెరికా కంపెనీ ఎన్రాన్‌తో దాన్ని కట్టించాలని నిర్ణయించారు. 1993లో ప్రపంచ బ్యాంకు దీనికి అప్పు ఇవ్వనంది. ఇది చాలా పెద్దది, ఖరీదైనది, దీనివల్ల చవకగా వచ్చే బొగ్గు కరెంటును పక్కన పెట్టాల్సి వస్తుంది అని చెప్పింది. అయినా అదే ఏడాది డిసెంబరులో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఆ ఒప్పందంలో ముఖ్యమైన మాట ఒకటుంది. బోర్డు కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా, కేంద్రం సిద్ధంగా ఉన్నందుకు డబ్బు కట్టాలి. ప్రభుత్వం మారింది, 1995లో రద్దు చేశారు, మళ్లీ మాట్లాడుకొని ఒప్పుకున్నారు. 1999లో మొదటి భాగం, 740 మెగావాట్లు, మొదలైంది. అనుకున్నంత వాడకం పెరగలేదు, ధర మాత్రం పెరిగింది. బోర్డు కట్టలేకపోయింది. 2001లో కేంద్రం మూతపడింది. అదే ఏడాది డిసెంబరులో ఎన్రానే దివాలా తీసింది.

ఇంతవరకు ఎక్కువ అంచనా వేసిన కథ. దీని తర్వాతి భాగమే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. దాభోల్ అయిదేళ్లు తాళం వేసుకొని కూర్చుంది, 2006లో కొత్త పేరుతో మళ్లీ మొదలైంది. సరిగ్గా ఆ మధ్యలోనే, 2005 ప్రాంతంలో, మహారాష్ట్రలో కరెంటు చాలక ఘోరమైన లోడ్‌షెడ్డింగ్ వచ్చింది. ఒక రాష్ట్రం, పదేళ్ల లోపల, రెండు తప్పులూ చేసింది. ముందు అవసరం లేనంత కొన్నది, తర్వాత అవసరమైనంత లేకుండా పోయింది.

ఆ రోజుల గురించి బాపును అడిగాను. "లైట్ పోతే మాగం ఆగుతది బిడ్డా, మాగం ఆగితే కూలి ఆగుతది. ఎన్ని టవళ్లు నేస్తే అన్ని పైసలు. లైట్ ఎప్పుడొస్తదో అని రాత్రి పన్నెండింటికి కార్ఖానల కూసున్న రోజులున్నయ్" అన్నారు. "మరి ముందు ఎక్కువ కరెంటు కొన్నప్పుడు?" అంటే "అప్పుడు బిల్లు పెరిగింది" అన్నారు. "మిమ్మల్ని ఎవరైనా అడిగారా, ఇంత కావాలా వద్దా అని?" అన్నాను. నవ్వారు, జవాబు చెప్పలేదు.

ఎక్కువ చెప్పి తప్పితే మా ఇంటికి బిల్లు వస్తుంది. తక్కువ చెప్పి తప్పితే మా ఇంటికి చీకటి వస్తుంది. అంకె వేసినవాడి ఇంటికి రెండూ రావు. నాకు అన్యాయంగా కనబడేది అంచనా తప్పడం కాదు. అది ఎటు తప్పినా ఒకే ఇంటి మీద పడేలా ఏర్పాటు చేసుకోవడం.

పెద్దబాపు పెళ్లికి ఎక్కువ ప్లేట్లు చెప్పారు, ఆయనే డబ్బు కట్టారు. బాధపడ్డారు గాని ఎవరినీ తిట్టలేదు. మూడు నెలల తర్వాత రెండో కూతురి పెళ్లికి ఎలా లెక్క వేశారో తెలుసా? వస్తామన్నవాళ్లను మళ్లీ ఫోన్ చేసి అడిగారు. ఆ రోజు ఇంకెన్ని పెళ్లిళ్లు ఉన్నాయో కనుక్కున్నారు. సొంత డబ్బు పోతే మనిషి జాగ్రత్తగా కూడుతాడు. వేరేవాళ్ల డబ్బయితే కూడికలో అంత శ్రద్ధ ఉండదు.

ఇప్పుడు అమెరికాలో ఈ విషయం బాగా కనబడుతోంది. అక్కడ పదమూడు రాష్ట్రాలకు, వాషింగ్టన్ నగరానికి కరెంటు సరఫరా చూసే పీజేఎం అనే సంస్థ ఉంది. ప్రపంచంలో డేటా సెంటర్లు అన్నిటికన్నా ఎక్కువ గుమిగూడిన వర్జీనియా దాని కిందికే వస్తుంది. రాబోయే ఏళ్లలో కరెంటు కేంద్రాలు సిద్ధంగా ఉండడానికి ఎంత ధర ఇవ్వాలో వేలం వేస్తారు. 2024-25కి ఒక మెగావాట్‌కు రోజుకు 28.92 డాలర్లు ఉన్నది, 2025-26కి 269.92 డాలర్లు అయింది. ఆ తర్వాతి ఏడాదికి 329.17. పెద్ద కారణం డేటా సెంటర్లే, వచ్చినవీ, వస్తాయని అంచనా వేసినవీ, అని ఆ మార్కెట్టును గమనించే స్వతంత్ర సంస్థే చెప్పింది. ఇంకా కట్టని డేటా సెంటర్ కోసం ఒక ముసలామె ఫ్రిజ్ బిల్లు ఈ రోజే పెరిగినట్టు. వస్తాయో రావో తర్వాత తెలుస్తుంది, ఆమె కట్టింది తిరిగి రాదు.

వర్జీనియాకు దూరం కాని ఒహాయో రాష్ట్రంలో ఒక పని చేశారు. అక్కడి కరెంటు కంపెనీ ఏఈపీ ఒహాయో దగ్గర డేటా సెంటర్ల అప్లికేషన్లు కొండలా పేరుకుపోయాయి, 30,000 మెగావాట్ల దాకా. 2025 జులైలో ఆ రాష్ట్ర నియంత్రణ కమిషన్ కొత్త నియమం ఒప్పుకుంది. పెద్ద డేటా సెంటర్ ఎంత కరెంటు కావాలని అడుగుతుందో, వాడినా వాడకపోయినా అందులో కనీసం 85 శాతానికి డబ్బు కట్టాలి, పన్నెండేళ్ల వరకు. నియమం వచ్చాక చూస్తే 30,000 మెగావాట్లు కాస్తా సుమారు 13,000 అయ్యాయి. సగానికి పైగా ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు, అవి ముందునుంచే గట్టివి కావు. "తప్పక వస్తం" అన్నవాళ్లను "అయితే ప్లేటు డబ్బు ఇవ్వండి" అంటే ఎంతమంది మిగులుతారో అంతమంది మిగిలారు.

నాకు ఇది న్యాయమైన పద్ధతి అనిపించింది. రేపు తెలియకపోవడం ఎవరి తప్పూ కాదు, నిజమే. అయితే నీ రేపటి గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు. నువ్వు ఐదు చోట్ల అడిగావని నీకు తెలుసు, నాకు తెలియదు. తెలిసినవాడే ఆ బరువులో ఎక్కువ భాగం మోయాలి. కొత్త సంగతి కూడా కాదు ఇది. మన దగ్గర పెద్ద కనెక్షన్ తీసుకున్న ఫ్యాక్టరీలు ఎప్పటినుంచో కాంట్రాక్ట్ డిమాండ్ రాసిస్తాయి, తక్కువ వాడినా కొంత డిమాండ్ ఛార్జీ కట్టాల్సిందే. చిన్న కార్ఖానాదారుడు పాటించే నియమం పెద్ద కంపెనీకి బరువు ఎలా అవుతుంది?

ఈ వ్యాసం చిత్తుప్రతి మా సోషల్ సార్‌కు చూపించాను. ఆయన రెండు మాటలు అన్నారు. ఒకటి, ముందే డబ్బు కట్టమంటే పెద్ద పెద్ద కంపెనీలే మిగులుతాయి, మన ఊరి కుర్రాడెవరో చిన్న డేటా సెంటర్ పెడదామంటే తలుపు మూసినట్టు కాదా? రెండు, కంపెనీని భయపెడితే పక్క రాష్ట్రానికి పోతుంది, ఉద్యోగాలు పోతాయి. మొదటిదానికి నేను సరే అంటాను. అందుకే ఒహాయో నియమం 25 మెగావాట్లు దాటినవాళ్లకే. చిన్నవాడు తప్పినా లెక్క మునిగిపోదు, అతన్ని వదిలేయవచ్చు. రెండోదానికి నాకు పూర్తి జవాబు లేదు. ఒక రాష్ట్రం గట్టిగా ఉంటే ఇంకో రాష్ట్రం మెత్తగా ఉంటుంది, కంపెనీ మెత్తగా ఉన్న చోటికి పోతుంది. అందరూ కలిసి ఒకే నియమం పెట్టుకుంటే తప్ప ఇది కుదరదు. అలా పెట్టుకుంటారా అన్నది వేరే సంగతి. కానీ డేటా సెంటర్‌లో కట్టేటప్పుడు చాలామందికి పని ఉంటుంది, కట్టాక అంత పెద్ద షెడ్డులో మనుషులు తక్కువే ఉంటారు. లక్షా ముప్పై వేల మాగాలు తినే కరెంటుకు ఎంతమంది మాగం కార్మికుల ఇళ్లు నడుస్తాయో మా షోలాపూర్ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఉద్యోగాల పేరు చెప్పి బరువు మా మీద పెట్టేటప్పుడు ఆ లెక్క కూడా పక్కనే రాయాలి.

సార్ ఇంకో మాట కూడా అన్నారు, దాన్ని దాటలేను. "నువ్వు కూడా ఆ కరెంటు వాడుతున్నావు కదా" అన్నారు. వాడుతున్నాను. ఈ అంకెలు వెతికింది ఫోన్‌లోనే. అయితే నేను వాడినదానికి బిల్లు కట్టడానికి అభ్యంతరం లేదు. వాడని దానికి, ఎవరూ వాడని దానికి, ఎవరో వాడతామని చెప్పి వెళ్లిపోయిన దానికి కట్టమంటేనే అభ్యంతరం.

మన దేశంలో 2003 విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు ధరలు నిర్ణయించే ముందు ప్రజల అభ్యంతరాలు తీసుకోవాలి. కమిషన్ వాళ్లు బహిరంగ విచారణ పెడతారు, ఎవరైనా కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. ఇది నాకు ఈ వ్యాసం కోసం చదువుతుంటేనే తెలిసింది, బాపుకు ఇప్పటిదాకా తెలియదు. పదో తరగతి పరీక్షలు అయ్యాక అలాంటి విచారణ ఒకటి జరిగితే ఇద్దరం పోదామనుకున్నాము. అడగడానికి మరాఠీలో ఒకటే ప్రశ్న రాసి పెట్టాను, బాపు దాన్ని రెండుసార్లు చదివించుకున్నారు: మీరు చెప్పే ఈ మెగావాట్లలో డేటా సెంటర్లవి ఎన్ని, వాటిలో డబ్బు కట్టి అడిగినవి ఎన్ని, ఉత్తినే అడిగినవి ఎన్ని?